మంచుకు మాడిన ఏడాది, పావు నిండిన తొట్టి

హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో రేడియేషన్ చాప్టర్ మొదలైన రోజు మా సార్ బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాసి, చాక్‌పీసు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డారు. "రాత్రి గాలి ఉష్ణోగ్రత 2 డిగ్రీలు. ఆకు మీద నీటిబొట్టు గడ్డకడుతుందా, కట్టదా?" క్లాసు మొత్తం "కట్టదు సార్" అంది. సున్నా దాకా దిగందే నీళ్లు గడ్డకట్టవని ఆరో తరగతి నుంచీ చదువుకుంటున్నాం మరి. సార్ నవ్వి, "అయితే మీరంతా బర్గండీలో ద్రాక్షతోట కొనకండి, ఒక్క ఏడాదిలో మునిగిపోతారు" అన్నారు.

బెల్లు కొట్టాక అందరూ కేంటీన్‌కి పోయారు. నేను లైబ్రరీకి పోయాను. అలా మొదలైన తవ్వకం ఇది. సెమిస్టర్ అయిపోయింది, కానీ తవ్వకం ఆగలేదు. మన పత్రికకి రాస్తానంటే మా ఎడిటర్ అక్క మొదట అడిగిన ప్రశ్న, "కాలేజీ పత్రికలో వైన్ గురించా? హెచ్‌ఓడీ గారు చూస్తే?" నేను దాన్ని రుచి చూసి రాయడం లేదక్కా, లెక్కకట్టి రాస్తున్నా అన్నాను. చెప్పాలంటే నేను మాట్లాడబోయే సీసా ఖరీదు మన సెమిస్టర్ ఫీజుకి ఏమాత్రం తీసిపోదు. రుచి చూసే ప్రమాదమే లేదు.

అక్క రెండో ప్రశ్నే నన్ను నిజంగా ఇరుకున పెట్టింది. "సరే, ఫ్రాస్ట్‌కి తెలుగేంటి?" మనకి అన్నీ మంచే. ఆకు మీది బొట్టూ మంచే, రోడ్డు మీద బస్సుకి అడ్డంపడే పొగమంచూ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. సంస్కృతం వైపు పోదామా అంటే అమరకోశం నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నిటినీ ఒకే గుంపులో పర్యాయపదాలుగా కట్టి పెట్టింది. ఆ దేశంలో ఏడాది సంపాదనని ఒక్క గంటలో తుడిచిపెట్టేది ఈ మంచుల్లో ఒకే ఒక్క రకం. దానికి విడిగా పేరు లేకపోవడం మన అదృష్టం అనుకోవాలి; ఆ బాధ మనకి పెద్దగా లేదు కాబట్టే మాటా పుట్టలేదు. చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు మొక్క మీద నీరు గట్టిపడుతుంది కాబట్టి ఈ వ్యాసంలో దాన్ని "పేరిన మంచు" అంటాను.

ఇక చోటు. పారిస్‌కి ఆగ్నేయంగా డిజోన్ అనే ఊరుంది. అక్కడి నుంచి దక్షిణంగా బోన్ పట్టణం దాటేదాకా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని కొండవాలు. దీని పేరు కోట్ దోర్. వాలు తూర్పు ముఖంగా ఉంటుంది, పొద్దున్నే ఎండ పడుతుంది. వెడల్పు చాలాచోట్ల ఒకటి రెండు కిలోమీటర్లు మించదు. ఇక్కడ ఎర్ర వైన్ అంటే ఒక్కటే రకం ద్రాక్ష, పినో న్వార్. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఎక్కువ కాపు కాసే గమే అనే రకాన్ని పీకేయమని శాసనం వేశాడు. దిగుబడి కోసం కాకుండా రుచి కోసం రాజ్యం చేసిన పాత చట్టాల్లో ఇదొకటి. ఆ వాలుని సన్యాసులూ రైతులూ శతాబ్దాలపాటు చిన్నచిన్న చెక్కలుగా విడదీసి, ఒక్కో చెక్కకీ పేరు పెట్టి, ఏ చెక్క ద్రాక్షని ఆ చెక్క పేరుతోనే వైన్ చేశారు. ఆ చెక్కల్ని "క్లిమా" అంటారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. తెల్ల వైన్లకి షార్డొనే వాడతారు. దాని కథ మధ్యలో ఒకసారి వస్తుంది.

వాలు మీద ధరలకి ఒక క్రమం ఉంటుంది. కింద రోడ్డు పక్కన చదునుగా ఉన్న భూమి ఊరి పేరుతో అమ్మే మామూలు వైన్‌కి. నడుము దగ్గర ఉన్న భూమి ప్రెమియే క్రూ, గ్రాండ్ క్రూ అనే పై తరగతులకి. దీనికి మట్టి, నీరు ఇంకడం, ఎండ వాటం కారణాలని పుస్తకాలు చెబుతాయి. నాకు మాత్రం ఇంకో కారణం కూడా తోస్తుంది. చల్లగాలి బరువైనది. రాత్రి అది నీళ్లలాగే వాలు మీంచి జారి కిందకి పోయి మడుగు కడుతుంది. అంటే పేరిన మంచు పడినప్పుడల్లా కిందవాడు మునిగాడు, నడుము మీదున్నవాడు బతికాడు. ఏడెనిమిది వందల ఏళ్లు ఇలా జరిగితే ఏ భూమి "మంచి భూమి" అని పేరు తెచ్చుకుంటుంది? ఏటా నమ్మకంగా పండేదే కదా.

2016 ఏప్రిల్ 26 రాత్రి ఈ లెక్క తలకిందులైంది.

ముందు రోజుల్లో చలి, తడి. మొక్కలు అప్పటికే చిగురించాయి. సాయంత్రానికి ఆకాశం తేటపడింది. తెల్లవారేసరికి కోట్ దోర్‌లోని చాలా ఊళ్లలో చిగుళ్లు నల్లబడి వేలాడుతున్నాయి. ఈసారి చదును, వాలు అన్న తేడా లేకుండా పోయింది. పేరు మోసిన నడుము భూములూ మాడాయి, కొన్నిచోట్ల కింద భూములు బతికాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లలో ఒకటి పోయి ఒకటి నిలిచింది. షాంబోల్-మ్యూజిన్యీ అనే చిన్న ఊరు బాగా దెబ్బతిన్న వాటిలో ఒకటి. 1981 తర్వాత ఇంత దెబ్బ చూడలేదని పెద్ద వయసు రైతులు చెప్పుకున్నారు.

ఇప్పుడు సార్ ప్రశ్నకి వద్దాం. ఆకు రాత్రంతా ఆకాశం వైపు వేడిని రేడియేట్ చేస్తూనే ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర, అంటే 273 కెల్విన్ దగ్గర, స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రం ప్రకారం చదరపు మీటరుకి సుమారు 315 వాట్లు పోతాయి. మబ్బు ఉంటే ఆ మబ్బు కూడా దాదాపు అంతే తిరిగి పంపుతుంది. మబ్బు లేని ఆకాశం మాత్రం మైనస్ 20 డిగ్రీల వస్తువులాగా ప్రవర్తిస్తుంది అనుకుందాం. అప్పుడు తిరిగొచ్చేది 232 వాట్లు. చదరపు మీటరుకి 83 వాట్లు నికర నష్టం. గాలి కదులుతుంటే పక్కనున్న గాలి ఆ లోటు పూడుస్తుంది. గాలి స్తంభిస్తే పూడ్చేవాడు లేడు. గాలి 2 డిగ్రీలుండగానే ఆకు సున్నా కిందకి పోతుంది. కాబట్టి జవాబు: గడ్డకడుతుంది. మేమంతా మునిగిపోయాం.

నేల కూడా ఇలాగే చల్లబడి, తనని అంటుకున్న గాలిని చల్లబరుస్తుంది. కొన్ని మీటర్ల పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, ఇక్కడ తిరగబడింది కాబట్టి దీన్ని ఇన్వర్షన్ అంటారు. మన హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్లకి ద్రాక్ష అంటే తలెత్తి చూసే పందిరి. బర్గండీలో పందిరి ఉండదు. హెక్టారుకి 10,000 మొక్కలు కిక్కిరిసి, ఒక్కో మొక్క నడుము ఎత్తుకి కూడా రాకుండా, కాపు కొమ్మ మోకాలి దగ్గర తీగకి కట్టి ఉంటుంది. నేల వేడి అందాలని అలా పెట్టారు, పండటానికి అది మంచిదే. కానీ ఇన్వర్షన్ రాత్రి ఆ మోకాలి ఎత్తే అతి చల్లని పొర. పందిరి ఎత్తులో ఉంటే డిగ్రీయో రెండో కలిసొచ్చేది. ఆ రెండు డిగ్రీలే చావుబతుకుల తేడా.

ఎందుకంటే మొక్క ఓర్పు కాలాన్ని బట్టి మారుతుంది. శీతాకాలంలో నిద్రపోతున్న ద్రాక్ష మొగ్గ మైనస్ 15ని కూడా తట్టుకుంటుంది. కళ్లు తెరిచి పచ్చగా చిగురు వేశాక మైనస్ 2కే చస్తుంది. (మన దగ్గర ద్రాక్షకి ఈ నిద్రే లేదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి రైతే కత్తిరించి దాన్ని లేపాల్సొస్తుంది.) ఇంకో మెలిక, చిగురు పొడిగా ఉంటే లోపలి నీరు సున్నా కింద కూడా కాసేపు గడ్డకట్టకుండా నిలవగలదు. సూపర్‌కూలింగ్ అని మనం చదివిందే. పైన తడి ఉంటే ముందు ఆ తడి గడ్డకడుతుంది, ఆ స్ఫటికమే లోపలి నీటికి విత్తనం అవుతుంది. 2016లో చిగుళ్లు తడిగా ఉండటం వల్లే అంత పెద్దగా పడిపోని ఉష్ణోగ్రతకి కూడా అంత నష్టం జరిగింది. దానికి తోడు తూర్పు ముఖం వాలు మీద సూర్యుడు తిన్నగా పడ్డాడు. ఐస్ బొట్లు భూతద్దాల్లా పనిచేసి చిగుళ్లని కాల్చాయని రైతులు చెబుతారు. భూతద్దం సంగతి నాకు అంత నమ్మకం కుదరలేదు గానీ, గడ్డకట్టిన కణం ఒక్కసారిగా కరిగితే ఎక్కువ దెబ్బ తింటుందన్నది అర్థమయ్యే విషయమే. "మంచుకు మాడింది" అని మనవాళ్లు అనే మాట ఇక్కడ అక్షరాలా కనబడుతుంది. చలికి పోయిన చిగురు చూడ్డానికి నిప్పుకి కాలినట్టే ఉంటుంది.

మరి కాపాడుకోలేరా? కాపాడుకోవచ్చు, డబ్బుంటే, ముందే తెలిస్తే. తోటలో వరసల మధ్య పెద్ద డబ్బాల్లో మైనపు కొవ్వొత్తులు వెలిగిస్తారు. హెక్టారుకి 400 అనుకుందాం. 6 కిలోల మైనం తొమ్మిది గంటలు మండితే ఒక్కోటి సుమారు 8 కిలోవాట్లు. మొత్తం 3,200. పైన చెప్పిన నష్టం హెక్టారుకి 830 కిలోవాట్లే. నాలుగు రెట్లు వేడి ఎందుకు? ఎందుకంటే వేడిగాలి పైకి పోతుంది, తోటకి కప్పు లేదు. ఒక్క రాత్రికి హెక్టారుకి కొన్ని వేల యూరోలు కాలిపోతాయి. పైగా ఫోర్‌కాస్ట్ తప్పితే వెలిగించింది వృథా. వెలిగించకపోతే, ఫోర్‌కాస్ట్ నిజమైతే, పంటే వృథా. తెల్లవారుజామున మూడింటికి థర్మామీటరు చూస్తూ అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషి స్థితి ఆలోచించండి.

ఇంజనీరింగ్ పరంగా అందమైన పద్ధతి మాత్రం నీళ్లది. ఉత్తరాన షాబ్లీలో స్ప్రింక్లర్లతో రాత్రంతా చిగుళ్ల మీద నీళ్లు చల్లుతారు! దీనికోసం బేన్ అనే ఊళ్లో పెద్ద చెరువే తవ్వారు. నీరు గడ్డకట్టేటప్పుడు కిలోకి 334 కిలోజౌళ్ల వేడి వదులుతుంది కదా, లేటెంట్ హీట్. చదరపు మీటరుకి 83 వాట్ల లోటు అంటే గంటకి 299 కిలోజౌళ్లు, అంటే సుమారు 0.9 కిలోల నీరు గడ్డకడితే చాలు. ఐస్ పెరుగుతున్నంతసేపూ లోపలి చిగురు సున్నా దగ్గరే ఉంటుంది, కిందకి పోదు. మొక్క ఐస్‌లో కప్పబడి ఐస్ నుంచే రక్షణ పొందుతుంది. అయితే అసలు వాడకంలో దీనికి కొన్ని రెట్లు నీళ్లు పోయాలి, ఎందుకంటే కొంత ఆవిరవుతుంది. కిలో నీరు ఆవిరైతే 2,500 కిలోజౌళ్లు లాక్కుపోతుంది, ఇచ్చిన దానికి ఏడు రెట్ల పైనే. మధ్యలో పంపు ఆగిందా, అసలు చల్లకపోయినా బాగుండేదే అనిపిస్తుంది. హెక్టారుకి గంటకి 40,000 లీటర్లు కావాలంటే ఆ చెరువు ఎందుకో తెలుస్తుంది. షాంబోల్ లాంటి చోట, అరెకరం ముక్కలు పదిమందివి కలిసి ఉన్న వాలు మీద, ఇంత పైపుల పని అంత తేలిక కాదు.

మాడిన మొక్క చావదు. ద్రాక్ష కన్ను లోపల నిజానికి మూడు మొగ్గలుంటాయి, ఒకటి ముందు, రెండు వెనకాల దాక్కుని. మొదటిది పోతే రెండోది లేస్తుంది. ప్రకృతి పెట్టుకున్న బ్యాకప్ అన్నమాట. కానీ బ్యాకప్‌లో గుత్తులు తక్కువ, కొన్నిసార్లు ఉండవు, ఉన్నవి రెండు మూడు వారాలు ఆలస్యం. ఫలితంగా ఒకే మొక్క మీద బతికిన మొదటి చిగురు గుత్తులూ, వెనకబడిన రెండో చిగురు గుత్తులూ పక్కపక్కనే వేలాడతాయి. ఒకటి పండుతుంటే ఒకటి పచ్చి. ఎప్పుడు కొయ్యాలి? ఆ ఏడాది మేలో వానలు పడి బూజు తెగులు కూడా పట్టుకుంది. పంట పోయిన తోటకి మందు కొట్టడం మానేయొచ్చుగా అంటే కుదరదు. ఆకు పోతే వచ్చే ఏడాది కాపు కూడా పోతుంది. వచ్చే ఏడాది పూగుత్తుల పునాది ఈ ఏడాది వేసవి మొదట్లోనే మొగ్గలో పడుతుంది. కాబట్టి అదే కూలి, అదే డీజిలు, అదే మందు. రాబడి మాత్రం అయిదో వంతు.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేయాలి, ఎందుకంటే ఆయన మన జాతే. షాంబోల్‌లో జాక్-ఫ్రెడెరిక్ మ్యూనియే అనే వైన్ తయారీదారు ఉన్నారు. చదువుకి, మొదటి ఉద్యోగానికి ఆయన పెట్రోలియం ఇంజనీరు. 1985లో కుటుంబ తోటలకి తిరిగొచ్చారు. కుటుంబ భూమిలో ఎక్కువ భాగం అప్పటికి కౌలులో ఉండటంతో చాలా ఏళ్లు విమానాలు నడుపుతూ వైన్ చేశారు. (పైలట్‌కి ఇన్వర్షన్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదనుకుంటా.) క్లో ద లా మారెషాల్ అనే పెద్ద తోట అర్ధ శతాబ్దం కౌలు తర్వాత 2004 పంటతో ఆయన చేతికి తిరిగొచ్చింది. ఆయన పద్ధతికి పేరు తక్కువ జోక్యం: కాడలు తీసేసి, గుజ్జుని మరీ నలపకుండా, కొత్త ఓక్ పీపాలు కొద్దిగానే వాడి, పినో సహజమైన సన్నదనాన్ని అలాగే వదిలేయడం. ఆయన ఊరి మీద ఆ రాత్రి పడ్డ దెబ్బ గురించి చదువుతున్నప్పుడు నాకు వచ్చిన అనుమానం ఇది: జోక్యం చేసుకోకపోవడమే పద్ధతి అయిన మనిషి, తొట్టి పావు కూడా నిండని ఏడాది ఏం చేస్తాడు? ఆయన తొట్ల దగ్గర ఆ సెప్టెంబరులో ఏం జరిగిందో చూసినవాణ్ని కాదు, కాబట్టి ఊహించను. అలాంటి తోట ఉన్న ఎవరికైనా వచ్చే సమస్యని లెక్కకట్టి చూపిస్తాను.

ఒక హెక్టారు మామూలు ఏడాది 3,600 లీటర్ల వైన్ ఇస్తుందనుకుందాం. బర్గండీ పీపా 228 లీటర్లు. అంటే దాదాపు 16 పీపాలు. 80 శాతం పోతే మిగిలేది 720 లీటర్లు. మూడు పీపాలు నిండి 36 లీటర్లు మిగులుతాయి.

ముందు పులియబెట్టడం. మన కల్లు కుండ నురగలు కక్కుతుంటే చెయ్యి పెట్టి చూసినవాళ్లకి తెలుసు, ఈస్ట్ పని మొదలెడితే వేడి పుడుతుంది. లీటరుకి 220 గ్రాముల చక్కెర ఉన్న రసం మొత్తం ఆల్కహాల్‌గా మారితే పుట్టే వేడి, బయటికి పోకుండా ఆపగలిగితే, దాన్ని దాదాపు 30 డిగ్రీలు పెంచుతుంది. పెద్ద తొట్టిలో ఆ వేడి బాగానే నిలుస్తుంది, ఒక్కోసారి చల్లార్చాల్సొస్తుంది. తొక్కల్లోని రంగు, వగరు బయటికి రావడానికి ఆ వెచ్చదనం కావాలి. ఎర్ర వైన్ ఎరుపంతా తొక్కదే, రసానికి రంగు లేదు. పరిమాణం అయిదో వంతైతే, అదే ఆకారం తొట్టికి ఉపరితలం-ఘనపరిమాణం నిష్పత్తి 1.7 రెట్లు పెరుగుతుంది. వేడి నిలవదు. అదే పాత పెద్ద తొట్టిలో పోస్తే ఇంకా ఘోరం: అడుగున పల్చగా పరుచుకుంటుంది, పైన తేలే తొక్కల పొర రెండు బెత్తెలు కూడా ఉండదు, పైనంతా ఖాళీ, ఆక్సిజన్. కాబట్టి చిన్న తొట్లు తేవాలి, లేదా రెండు మూడు చెక్కల ద్రాక్ష కలిపేయాలి. రెండోది చెప్పినంత తేలిక కాదు. ఆరు వందల ఏళ్లుగా ఈ చెక్క వేరు, ఆ చెక్క వేరు అని నమ్మిన నేల మీద, కలపడమంటే పేరు వదులుకోవడం. గ్రాండ్ క్రూ ద్రాక్షని పక్క చెక్కతో కలిపితే సీసా మీద కింది తరగతి పేరే వేయాలి.

తర్వాత పీపాలు. ఓక్ కర్ర గుండా ఏడాది పొడుగునా కొంత ఆవిరైపోతూ ఉంటుంది. తగ్గిన చోట గాలి చేరకుండా అదే వైన్‌తో నింపుతుండాలి. పదహారు పీపాలుంటే పదిహేనింటిని పదహారో దానితో నింపుతారు. మూడే ఉంటే? ఆ 36 లీటర్లే దిక్కు. వాటిని గాజు జాడీల్లో అంచుదాకా నింపి, బంగారంలా దాచుకుంటారు. 114 లీటర్ల సగం పీపాలు కూడా ఇలాంటప్పుడే బయటికొస్తాయి. కొత్త ఓక్ వాడాలా వద్దా అన్నదీ చిక్కే: పదహారులో మూడు కొత్తవైతే కలిపాక 20 శాతం లోపే. మూడింట్లో ఒకటి కొత్తదైతే మూడో వంతు. మధ్యలో ఇంకో అంకె లేదు.

ఈ కష్టం పరాకాష్ఠ తెల్ల వైన్ దగ్గర కనబడింది. మోంరాషే అనే 8 హెక్టార్ల తోట, ప్రపంచంలో అతి ఖరీదైన తెల్ల వైన్లలో ఒకటి. ఆ రాత్రి అక్కడా పడింది. ఎవరి ద్రాక్షా ఒక పీపాకి కూడా చాలని ఏడుగురు యజమానులు, మామూలుగా పక్కవాడి గుత్తి తమ బుట్టలో పడనివ్వనివాళ్లు, ద్రాక్ష అంతా లెఫ్లేవ్ అనే డొమైన్‌కి చేర్చి కలిపి వైన్ చేశారు. వచ్చింది రెండు పీపాలు. సుమారు 600 సీసాలు. నాకు ఈ ముక్క చదివినప్పుడు మా ఊళ్లో కరువు ఏడాది చెరువు అడుగున మిగిలిన నీళ్లకి వంతులేసుకోవడం గుర్తొచ్చింది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఇలాంటి ఏడాది వైన్ గురించి అమ్మేవాళ్లు రాసే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి: తీగ కష్టపడింది, కాపు తగ్గింది, అందుకే సారం చిక్కబడింది, రుచి గొప్పదైంది. వినడానికి బాగుంటుంది. మనకి కూడా ఇలాంటివి ఇష్టం, కష్టాల్లోంచే కవి పుట్టాడని సన్మాన సభల్లో చెప్పుకుంటాం. కానీ లెక్క అలా లేదు. చలి మొగ్గని చంపుతుంది, అంతే. మిగిలిన గుత్తికి ఏమీ జోడించదు. మొక్క వారాలపాటు ఆకు లేకుండా ఉండి, తర్వాత అదుపులేకుండా పొదలా పెరుగుతుంది. గుత్తులు అసమానంగా పండుతాయి. దిగుబడి తగ్గించడం వల్ల నాణ్యత పెరుగుతుందన్న మాట నిజమయ్యేది రైతు ఆకుకీ కాయకీ తూకం చూసి తగ్గించినప్పుడు. మంచుకి ఆ తూకం తెలియదు.

మరి 2016 ఎర్ర వైన్లు బాగున్నాయని చాలామంది రుచి నిపుణులు మెచ్చుకున్నారు కదా? మెచ్చుకున్నారు. కారణం ఏప్రిల్‌లో లేదు. జూన్ చివర్లో వాన ఆగింది, జూలై, ఆగస్టు ఎండగా పొడిగా గడిచాయి, సెప్టెంబరు మధ్యలో కావలసినంత చినుకు పడింది, ఆ నెల మూడో వారం దాటాక కోశారు. పైగా అదే ఊళ్లో మంచు తగలని చెక్కల వైన్ కూడా అదే ఏడాది బాగుంది. మనం ల్యాబ్‌లో కంట్రోల్ శాంపిల్ అనేది అదే. 2021ని తీసుకుంటే ఇంకా స్పష్టం. ఏప్రిల్ 5 నుంచి 8 మధ్య వరస రాత్రులు ఫ్రాన్సు అంతటా దెబ్బకొట్టాయి. ముందే చిగురించే షార్డొనే ఎక్కువగా, పినో కొంత తక్కువగా పోయింది. దిగుబడి పడిపోయింది. అయితే వైన్ చిక్కబడిందా? లేదు. వేసవి చల్లగా, తడిగా గడిచింది కాబట్టి ఎర్ర వైన్లు పల్చగా, సుకుమారంగా వచ్చాయి. చాలామంది రసంలో చక్కెర కలిపి ఆల్కహాల్ పెంచాల్సొచ్చింది. దానికి పేరు నెపోలియన్ దగ్గర మంత్రిగా చేసిన కెమిస్టు షాప్టాల్ మీదుగా వచ్చింది, షాప్టలైజేషన్. లీటరుకి 17 గ్రాముల చక్కెరకి ఒక శాతం ఆల్కహాల్. పల్చగా ఉన్నంత మాత్రాన చెడ్డవని కాదు. పాతకాలపు బర్గండీ ఇలాగే ఉండేదని సంతోషించినవాళ్లూ ఉన్నారు. నా మాటల్లా, మెచ్చుకోవాల్సింది మంచుని కాదు, అసమానంగా పండిన గుత్తుల్ని బల్ల మీద ఒక్కొక్కటి ఏరి, 720 లీటర్లని వేడి పోకుండా కాపాడినవాడిని.

భూమి వేడెక్కుతుంటే చలి దెబ్బ ఎందుకు పెరుగుతోంది అని మా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్న. బోన్ పట్టణంలో 1354 నుంచి ద్రాక్షకోత తేదీలు రాసిపెట్టి ఉన్నాయి. 2019లో చరిత్రకారుడు తోమా లాబే బృందం వాటిని 2018 దాకా కలిపి 664 ఏళ్ల వరసగా ప్రచురించింది. 1987 వరకు సగటున సెప్టెంబరు 28 నుంచి కోసేవారు. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకి జరిగింది. కోత ముందుకి జరిగిందంటే చిగురూ ముందుకి జరిగినట్టే. చలి రాత్రులు తగ్గుతున్నాయి, నిజమే, కానీ చిగురు అంతకంటే వేగంగా వాటికి ఎదురెళ్తోంది. 2021 మార్చి చివర్లో ఎండాకాలంలాంటి వేడి పడి మొగ్గలు మోసపోయాయి, వారంలో చలి పడింది. మనిషి వల్ల మారిన వాతావరణం ఇలాంటి చిగురు తర్వాతి చలి దెబ్బ అవకాశాన్ని సుమారు 60 శాతం పెంచిందని ఆ ఏడాదే శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆలస్యంగా కత్తిరిస్తే చిగురు కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. రైతులు ఇప్పుడు అదీ చేస్తున్నారు.

2016 తర్వాతి వసంతం సంగతి ఒకటి మిగిలింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2017 ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ అదే తేట ఆకాశం, అదే చలి హెచ్చరిక. ఈసారి కోట్ దోర్ రైతులు ఊళ్లకి ఊళ్లు కలిసి తెల్లవారకముందే తోటల గట్ల మీద తడిపిన గడ్డి మోపులు పేర్చి నిప్పు పెట్టారు. ఈ పొగ తోటని వెచ్చబెడుతుందని చాలామంది అనుకుంటారు. పొగ కణాలు మైక్రాన్ కంటే చిన్నవి, ఆకు వదిలే వేడి తరంగాలు పది మైక్రాన్ల దగ్గరివి, వాటిని అవి పెద్దగా ఆపలేవు. ఆపేది పొద్దున వచ్చే వెలుతురుని. తూర్పు వాలు మీద మొదటి ఎండ గడ్డకట్టిన చిగురుకి సూటిగా తగలకుండా, మెల్లగా కరిగేదాకా ఒక తెర కట్టడం అన్నమాట. ఒక్కడు తన చెక్క దగ్గర పెడితే పొగ పక్కవాడి తోటకి పోతుంది, కాబట్టి అందరూ పెడితేనే పని. పెట్టారు. ఎండ ఎక్కాక పొగ పలచబడింది. ఎవరి వరసల్లోకి వాళ్లు వంగి చూసుకుంటే చిగుళ్లు చాలావరకు పచ్చగానే ఉన్నాయి. ఆ సెప్టెంబరులో తొట్లు నిండాయి.